దెబ్బతిన్న చామంతి కొమ్మ మొక్కలు: కోలుకున్నాయో లేదో గుర్తించి, దారికి తెచ్చే పద్ధతి

మే నెల ఎండలను ఎలాగో దాటిన తల్లి మొక్కల నుంచి జూన్‌లో కొమ్మలు తీసి నాటిన చామంతి మడిని జూలై చివర ఒకసారి నడిచి చూడండి. ఒకే రకం, ఒకే రోజు తీసిన కటింగులు, ఒకే మట్టి, ఒకే నీరు. అయినా కొన్ని మొక్కలు జానెడు ఎత్తుకు పెరిగి గుబురు కడుతుంటాయి. కొన్ని నాలుగు అంగుళాల దగ్గరే ఆగిపోయి నెత్తిన చిన్న మొగ్గ పెట్టుకుని ఉంటాయి. మరికొన్నింటి ఆకులకు అంచుల్లో ఉండే గంట్లు (చీలికలు) పోయి సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి. ఇవన్నీ చూసి ‘రకం కలిసిపోయింది, నారు మోసం’ అనుకుని పీకేసేవారు ఉన్నారు. అన్నింటికీ ఒకే మందు కొట్టి ఊరుకునేవారు ఇంకా ఎక్కువ. రెండూ నష్టమే. వాటిలో చాలా మొక్కలు బాగుపడతాయి. బాగుపడని కొన్నింటిని మాత్రం ఆ రోజే బయటికి తీసేయాలి. ఏది ఏ కోవకు చెందిందో తెలుసుకోవడం ఎలా, తెలిశాక ఏమి చేయాలి అన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను. ఎకరంలో వేసిన రైతుకూ, మిద్దె మీద పది కుండీలు పెట్టుకున్నవారికీ పద్ధతి ఒక్కటే.

ముందుగా: కొమ్మ తల్లి నుంచి ఏమేమి తెచ్చుకుంటుంది

కొమ్మ ముక్క నుంచి వచ్చిన మొక్క తల్లికి అచ్చమైన నకలు. జన్యువులు అవే. అలాగని ఒకే తల్లి నుంచి తీసిన పది కొమ్మలు పది రకాలుగా ప్రవర్తించడంలో వింత ఏమీ లేదు. కొమ్మ తనతో జన్యువులను మాత్రమే తీసుకురాదు. తెంపిన రోజున అందులో ఎంత పిండిపదార్థం నిల్వ ఉంది, ఎంత నత్రజని ఉంది, అది ఎండ తగిలిన పై కొమ్మా, నీడలో సాగిన పక్క కొమ్మా, మొక్క మొదలు నుంచి వచ్చిన లేత పిలకా, ఆ కొమ్మ అప్పటికి ఎన్ని ఆకులు వేసింది, కొనలో మొగ్గ కట్టడం మొదలైందా, ఇవన్నీ దానితో పాటే ప్రోట్రేలోకి (గుంతలున్న నారు ట్రేలోకి) వస్తాయి. తల్లిలో వైరస్సో, వైరాయిడో (వైరస్ కంటే చిన్నదైన జబ్బు కారకం) ఉంటే అదీ వస్తుంది.

చామంతికి ఇంకొక ప్రత్యేకత ఉంది. ఇది పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడు పూసే మొక్క. సాధారణంగా పగటి వెలుతురు సుమారు 13.5 గంటల కంటే తగ్గితే మొగ్గ ఎదగడం మొదలవుతుంది. రకాన్ని బట్టి ఈ హద్దు కాస్త అటూ ఇటూ మారుతుంది. హైదరాబాద్‌లో జూన్ చివర, అంటే ఏడాదిలో పగలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నప్పుడు కూడా, పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకేవరకు 13 గంటలకు కాస్త పైన మాత్రమే. చిత్తూరు వైపు ఇంకా తక్కువ. అంటే మన ప్రాంతంలో చామంతి ఏడాది పొడవునా పూతకు దగ్గరగానే నిలబడి ఉంటుంది. పూయాలా, పెరగాలా అన్న తూకంలో చిన్న దెబ్బ తగిలినా పూత వైపు మొగ్గుతుంది. ఆరోగ్యంగా, బలంగా పెరుగుతున్న మొక్క కొంతకాలం ఆకులు వేస్తూ పోతుంది. బెట్టకు గురైనదీ, ఆకలితో ఉన్నదీ పెరుగుదల ఆపి మొగ్గ వేస్తుంది. మన దగ్గర కొమ్మ మొక్కల్లో కనిపించే తేడాల్లో చాలావాటికి మూలం ఇదే.

దెబ్బ తగిలిన రోజున దారం కట్టండి

నేను అందరికీ మొదట చెప్పేది ఈ పని. ఖర్చు లేదు, కానీ దీనితోనే మిగతా నిర్ణయాలన్నీ తేలిక అవుతాయి.

నారు వాహనంలో వడిలి వచ్చిన రోజునో, మోటారు కాలి రెండు రోజులు నీరు అందని రోజునో, కుండపోత వానకు మడి మునిగిన రోజునో, ఆ మొక్కల్లో ఓ పదింటిని ఎంచుకోండి. పూర్తిగా విచ్చుకున్న ఆకుల్లో అన్నిటికంటే పై ఆకు కాడ దగ్గర రంగు దారం వదులుగా కట్టండి. పుస్తకంలో తేదీ, జరిగిన సంగతి రాసుకోండి.

దారం కింది ఆకులు ఎండినా, మాడినా, రాలినా పట్టించుకోకండి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. వంకరపోయిన ఆకు సాపుకాదు. ఇక దారం పైన వచ్చే మొదటి నాలుగైదు ఆకులను కూడా నమ్మకండి. ఎందుకంటే దెబ్బ తగిలిన రోజుకే అవి కొనలో సూదిమొనంత రూపంలో పుట్టి ఉన్నాయి. ఆనాటి దాహం, ఆనాటి వేడి వాటి మీద ముద్ర వేసే ఉంటాయి. బయటికి వచ్చేసరికి అవి చిన్నగా, మందంగా, గంట్లు తక్కువగా ఉండవచ్చు. రైతు ఇక్కడే కంగారుపడి మందు మీద మందు కొడతాడు. నిజానికి మొక్క అప్పటికే కోలుకుని ఉంటుంది.

ఆ తరువాత వచ్చే ఆరో, ఏడో ఆకును చూడండి. అవి చాలావరకు దెబ్బ తరువాతే ఎదిగాయి. వాటి వెడల్పు, గంట్లు, రంగు ఆ రకానికి ఉండవలసినట్లు ఉంటే మొక్క బాగుపడినట్లే. మంచి వాతావరణంలో చామంతి రెండు మూడు రోజులకు ఒక ఆకు చొప్పున వేస్తుంది. వేరు దెబ్బతిన్నదానికి ఆలస్యం అవుతుంది. కాబట్టి దెబ్బ తగిలిన తరువాత రెండున్నర, మూడు వారాలకు గాని తీర్పు చెప్పకూడదు. అప్పటికీ కొత్త ఆకులు వంకరగానే వస్తుంటే, దెబ్బ ఇంకా కొనసాగుతోందని అర్థం. వేరులో కుళ్లు ఉండవచ్చు, చిగురులో నల్లి ఉండవచ్చు, రసంలో వైరాయిడ్ ఉండవచ్చు.

మొదటి పది రోజులు ఏమి చేయాలి

వడిలిన నారు ఇంటికి చేరిన వెంటనే నాటకండి. పెట్టె తెరిచి, నీడలో, గాలి తగిలే చోట పెట్టి, ఆకుల మీద సన్నగా నీరు చల్లండి. ట్రేలో ఉన్న నారైతే ట్రే అడుగు భాగం తడిసేలా నీటిలో పావుగంట ఉంచి తీయండి. బాగా ఎండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పై నుంచి పోసిన నీటిని పీల్చుకోదు; నీరు పక్క నుంచి జారిపోతుంది, పైన తడిగా కనబడి లోపల వేరు ఎండి ఉంటుంది. ఒక మొక్కను ట్రే నుంచి లాగి, వేరు ముద్దను రెండు వేళ్లతో నొక్కి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

నారుతో పాటు పండిన అరటి, మామిడి, సపోటా పళ్లను అదే వాహనంలో, అదే గదిలో ఉంచకండి. పండే కాయల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు చామంతి ఆకులను కిందికి వంచేస్తుంది, పెరుగుదలను ఆపుతుంది. మొక్క తడిగానే ఉంది, ఆకులు మాత్రం గొడుగు మడిచినట్లు వేలాడుతున్నాయి అంటే ఈ అనుమానం కూడా పెట్టుకోండి. గాలి తగిలే చోటికి మారిస్తే కొత్త ఆకులు మామూలుగానే వస్తాయి.

రెండో రోజు నుంచి 50 శాతం షేడ్‌నెట్ కింద వారం పాటు ఉంచండి. ఆ తరువాత ఉదయపు ఎండకు కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఈ వారంలో ఎరువు ఇవ్వకండి. దెబ్బతిన్న వేరుకు ఎరువు ఉప్పు మరో దెబ్బ. ఆకు అంచులు గోధుమ రంగుకు మాడితే చాలాసార్లు కారణం ఇదే. తెల్లని కొత్త వేరు కొనలు కనబడ్డాకే 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది) లీటరు నీటికి రెండు, మూడు గ్రాముల చొప్పున కలిపి పలుచగా మొదలుపెట్టండి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉండే ఊళ్లలో వాన నీరు పట్టుకుని వాడగలిగితే ఈ పది రోజులకైనా దాన్ని వాడండి.

నీట మునిగిన మడిలో పని వేరు. అక్కడ మట్టి తడిగా ఉన్నా మొక్క వడులుతుంది. అది చూసి మళ్లీ నీరు పెట్టేవారిని చూస్తే బాధ కలుగుతుంది. వేరుకు కావలసింది గాలి. ముందు కాలువ తీసి నీరు బయటికి పంపండి. మొక్క మొదట్లో మట్టిని గుల్ల చేయండి. ఒక మొక్క పీకి వేరు చూడండి. గోధుమ రంగులోకి మారి, వేళ్ల మధ్య లాగితే పై తొక్క జారి లోపల దారం మాత్రం మిగిలితే కుళ్లు పట్టినట్లు. అలాంటి మొక్కను కాపాడే ప్రయత్నం కంటే, దాని కొన ఇంకా గట్టిగా ఉంటే ఆ కొనను తెంపి కొత్త కోకోపీట్‌లో మళ్లీ వేరు వేయించుకోవడం నయం. చామంతి ఈ విషయంలో చాలా ఉదారమైన మొక్క. మంచి కొనకు రెండు వారాల్లో వేర్లు వస్తాయి.

కొత్త చిగురును చదవడం

దారం పైన వచ్చిన ఆకులు ఏమి చెబుతున్నాయో ఇప్పుడు చూద్దాం. లేత ఎండలో, ఉదయం పూట, చేతిలో భూతద్దంతో చూస్తే మంచిది.

కణుపుల మధ్య దూరం తగ్గి, ఆకులు చిన్నవై, ముదురు ఆకుపచ్చగా ఉంటే అది నీటి ఎద్దడి లేదా ఉప్పు. నీరు సరిచేస్తే పోతుంది.

ఆకులన్నీ లేతాకుపచ్చగా మారి, కింది ఆకులు ముందుగా పసుపు తిరిగితే నత్రజని చాలలేదు. ట్రేలో ఎక్కువ రోజులు నిలిచిపోయి వేర్లు చుట్టుకుపోయిన నారులో ఇది మామూలు. నాటేటప్పుడు వేరు ముద్దను అడుగున కొద్దిగా వేళ్లతో విడదీసి నాటితే త్వరగా మట్టిలోకి దిగుతుంది.

చిగురాకులు సన్నబడి, అంచులు కిందికి ముడుచుకుని, పెళుసుగా, అడుగున రాగి రంగు మెరుపుతో ఉంటే అది నల్లి. ఇది కంటికి కనబడనంత చిన్నది, చిగురులోనే దాక్కుంటుంది. ఎర్ర నల్లిలా గూడు అల్లదు. అందుకే చాలామంది దీన్ని వైరస్ అనుకుంటారు. చిగురును తుంచి దూరంగా పారేసి, నల్లి మందును మీ ప్రాంత ఉద్యాన అధికారి చెప్పిన మోతాదులో చిగుళ్లలోకి దిగేలా కొడితే రెండు మూడు వారాల్లో ఆకు మామూలుగా వస్తుంది. తామర పురుగు ఉంటే ఆకు మీద వెండి రంగు గీతలు, నల్లటి చుక్కలు కనబడతాయి.

ఆకు ఈనెలన్నీ విసనకర్రలా ఒకే చోటి నుంచి సాగి, ఆకు పట్టీలా మారి, కాండం మెలితిరిగితే పక్క చేలో ఏమి కొట్టారో అడగండి. వరిలోనో, మొక్కజొన్నలోనో, గట్ల మీదో కొట్టిన 2,4-డి కలుపు మందు గాలికి వచ్చి చామంతికి తగిలితే ఇలాగే ఉంటుంది. ఒక వైపు వరుసల్లో ఎక్కువగా, దూరం పోయే కొద్దీ తక్కువగా ఉండటం దీనికి గుర్తు. కలుపు మందు కొట్టిన డబ్బాతోనే చామంతికి పురుగుమందు కొట్టినా ఇదే జరుగుతుంది. కొద్దిగా తగిలితే మొక్క తేరుకుంటుంది. కొన తిరిగి మామూలు ఆకు వేసేవరకు ఆ మొక్క నుంచి కటింగు తీయకండి.

చలికాలం కోత తరువాత మొక్క మొదలు నుంచి వచ్చే పిలకలు నేలకు అతుక్కుని, కాండం లేకుండా ఆకుల చక్రంలా కూర్చుంటే బెంగపడకండి. వేసవి వేడి చూసిన చామంతికి తరువాత చలి తగిలినప్పుడు ఇలా జరుగుతుంది. మదనపల్లె వైపు చలి రాత్రుల్లో దీన్ని బాగా చూడవచ్చు. రోజులు వెచ్చబడితే సాగుతాయి. మొక్కను సాగదీసే హార్మోను జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీతోనూ సాగుతాయి. కానీ గిడసబారిన ప్రతి మొక్కకూ ఆ మందు కొట్టే అలవాటు మానుకోవాలి. వేరు కుళ్లినదాన్నీ, వైరాయిడ్ పట్టినదాన్నీ మందుతో సాగదీస్తే బలహీనమైన కాడ తప్ప ఏమీ రాదు.

తొందరపడి మొగ్గ వేసిన మొక్కను మళ్లీ పెరుగుదలకు మళ్లించడం

అసలు చిక్కు ఇక్కడే ఉంది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

నాలుగు అంగుళాల మొక్క నెత్తిన మొగ్గ. దాని కింద ఆకులను గమనించండి. మామూలు చామంతి ఆకుకు లోతైన గంట్లు ఉంటాయి. ఈ మొగ్గకు దగ్గరి ఆకులు మాత్రం గంట్లు తగ్గి, సన్నగా, నాలుకలా ఉంటాయి. మొగ్గ కూడా పొట్టేలు తలలా గట్టిగా ఉండి, వారాలు గడిచినా విచ్చుకోదు. దాని పక్క నుంచి రెండు మూడు కొమ్మలు దాన్ని దాటి పైకి వస్తాయి. మొక్క పూతలోకి అడుగు పెట్టి, పూర్తిగా వెళ్లలేక మధ్యలో ఆగిపోయిందని దీని అర్థం. మొగ్గ పుట్టేందుకు పరిస్థితి చాలింది, ఎదిగేందుకు చాలలేదు. 30 డిగ్రీలు దాటిన వేడి కూడా మొగ్గ ఎదుగుదలను ఇలాగే ఆపేస్తుంది. ఇది జబ్బు కాదు, రకం మారడమూ కాదు.

ఇది రావడానికి ఇంకొక దారి ఉంది. దీన్ని నర్సరీవారు కూడా తరచు మరచిపోతారు. చామంతి కొమ్మ ఎంత వెలుతురులో ఉన్నా, కొన్ని ఆకులు వేశాక తనంతట తాను మొగ్గ కడుతుంది. తల్లి మొక్కను తుంచకుండా వదిలేస్తే, పొడుగు సాగిన ఆ కొమ్మ అప్పటికే ఆ లెక్కకు దగ్గరపడి ఉంటుంది. దాని కొనను తెంపి నాటితే, వేరు రాగానే మొగ్గ వేస్తుంది. కటింగు వయసు వేరు వచ్చిన రోజు నుంచి మొదలు కాదు, తల్లి మీద ఆ కొమ్మ చిగురించిన రోజు నుంచే లెక్క.

మళ్లించే పద్ధతి ఇది. మొగ్గను మాత్రమే గిల్లి వదిలేయకండి. మొగ్గకు దగ్గరి కణుపుల్లోని పిల్ల చిగుళ్లు కూడా అప్పటికే పూతకు సిద్ధమై ఉంటాయి. అవి రెండు మూడు ఆకులు వేసి మళ్లీ మొగ్గలోనే ముగుస్తాయి. ఇంకా కిందికి రండి. పూర్తి గంట్లు ఉన్న ఆకు ఎక్కడ మొదలవుతుందో చూడండి. ఆ ఆకుల్లో నాలుగైదు ఉంచి, పైభాగమంతా తీసేయండి. మొక్క మొదలు దగ్గర పిలకలు వస్తుంటే మరీ మంచిది. వాటిలో పూత ఛాయలు ఉండవు.

తుంచిన రోజు నుంచే రాత్రి దీపం పెట్టండి. రాత్రి పది నుంచి రెండు వరకు వెలిగితే చాలు. మొక్క పగటిని కొలవదు, ఆగకుండా సాగే చీకటిని కొలుస్తుంది. ఆ చీకటిని మధ్యలో విరగ్గొట్టడమే మన పని. కాంతి బలంగా ఉండక్కర్లేదు, ఎరుపు పాలు ఉన్న పసుపు రంగు బల్బు అయితే బాగా పనిచేస్తుంది. కుండీలకైతే అయిదడుగుల ఎత్తున ఒక తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాని కింద ఉన్న నాలుగైదు కుండీలకు సరిపోతుంది. మడులకైతే వరుసగా తీగ లాగి, నీడ పడని ఎడంలో బల్బులు కట్టాలి. టైమరు పెట్టుకోండి. మధ్యలో నాలుగు రాత్రులు మరచిపోతే చేసిన పని వృథా అవుతుంది.

దీపంతో పాటు నత్రజని కాస్త పెంచి, నీరు ఒక్క పూట కూడా తప్పకుండా చూడండి. రెండు, మూడు వారాల్లో కొత్త కొమ్మల మీద పూర్తి గంట్లతో ఆకులు వస్తే మొక్క దారికి వచ్చినట్లు.

మిద్దె తోటల్లో దీనికి తలకిందులైన ఫిర్యాదు వస్తుంటుంది. ‘మొక్క ఏపుగా ఉంది, డిసెంబరు వచ్చినా మొగ్గ లేదు’ అంటారు. రాత్రి పూట మిద్దె ఎక్కి చూస్తే కుండీ మీద వీధి దీపం వెలుగు పడుతుంటుంది. కుండీని ట్యాంకు చాటుకు జరిపితే కొన్ని వారాల్లో మొగ్గ కనబడుతుంది.

కోలుకోని మొక్కలు

ఇక్కడ జాలి పనికిరాదు.

చామంతిని గిడసబారేలా చేసే వైరాయిడ్ ఒకటి ఉంది. అమెరికాలో 1940లలో దీన్ని మొదట జబ్బుగా గుర్తించారు. వైరస్ కంటే కూడా చిన్నదైన వైరాయిడ్ దీనికి కారణమని 1970లలో తేలింది. ఇది పట్టిన మొక్క పక్క మొక్కల్లో సగం, మూడింట రెండు వంతుల ఎత్తు దగ్గర ఆగిపోతుంది, ఆకు చిన్నబోయి పాలిపోతుంది, పూవు చిన్నదై, తోటివాటి కంటే వారం, పది రోజుల ముందే పూస్తుంది. ఎండ, వేడి ఎక్కువగా ఉన్నప్పుడు లక్షణాలు బయటపడతాయి. చల్లగా, నీడగా ఉన్నప్పుడు అదే మొక్క ఆరోగ్యంగా కనబడవచ్చు. అందుకే ‘వేసవిలో దెబ్బతిన్నాక పెరుగుదల మారిపోయింది’ అన్నప్పుడు, ఆ ఎండ లోపల దాగి ఉన్న జబ్బును పైకి తెచ్చిందేమో అని కూడా చూడాలి. ఒకే తల్లి నుంచి తీసిన కటింగులన్నీ ఒకే తీరుగా గిడసబారితే, నీరూ ఎరువూ సరిచేసి మూడు వారాలు గడిచినా కొత్త ఆకు పెరగకపోతే, ఆ తల్లినీ పిల్లలనూ కలిపి తీసేయండి. దీనికి మందు లేదు.

ఇది పురుగు ద్వారా కంటే మన చేతుల ద్వారా, కత్తి ద్వారా ఎక్కువగా పాకుతుంది. ఒక మొక్కను తుంచిన వేలి గోటికి అంటిన రసం చాలు. స్పిరిటుతో తుడిస్తే ఇది చావదు. బజారులో దొరికే సోడియం హైపోక్లోరైట్ (ద్రవ బ్లీచ్) ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు కలిపి, ఒక తల్లి మొక్క అయ్యాక మరో దానికి వెళ్లే ముందు కత్తిని అందులో ముంచండి. రెండు కత్తులు పెట్టుకుంటే ఒకటి నానుతుండగా మరొకటి వాడుకోవచ్చు. ఆ ద్రావణాన్ని రోజూ కొత్తగా కలుపుకోవాలి.

ఒక మాట పక్కగా చెప్పాలి. మొక్క అంతా మామూలుగా ఉండి ఒక్క కొమ్మ మాత్రం వేరే రంగు పూవు పూస్తే అది ఒత్తిడి ఫలితమూ కాదు, జబ్బూ కాదు. చామంతిలో ఇలాంటి మార్పులు సహజంగా వస్తుంటాయి. చాలా కొత్త రంగులు లోకానికి ఇలాగే దొరికాయి. దాన్ని పీకకుండా ఆ కొమ్మను వేరుగా కట్టి, దాని నుంచి కటింగులు తీసి విడిగా పెంచి చూడండి.

తరువాతి విడత కటింగులు తీసేటప్పుడు

దెబ్బతిన్న తల్లి నుంచి వెంటనే కొమ్మ తీయకండి. దారం కట్టిన చోటి పైన కనీసం ఆరేడు మంచి ఆకులు వచ్చాక, కొనను ఒకసారి తుంచి పారేయండి. ఆ తరువాత వచ్చే పక్క కొమ్మలనే కటింగులకు వాడండి. నాలుగు వారాలు ఆలస్యమైనా, ఒకే తీరుగా పెరిగే నారు చేతికి వస్తుంది.

తల్లి మొక్కలను వేసవిలో పూల మొక్కల్లా చూడకూడదు. ఏప్రిల్, మే నెలల్లో షేడ్‌నెట్ కింద ఉంచి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచి, రెండు మూడు వారాలకు ఒకసారి తుంచుతూ, రాత్రి దీపం వేస్తూ ఉండాలి. కాండం చెక్కబారిన తల్లిని మరుసటి ఏటికి లాక్కురావద్దు. మంచి పిలక నుంచి కొత్త తల్లిని తయారు చేసుకోండి.

కొమ్మ తీసే వేళ తెల్లవారుజామున, ఆకు నిండా నీరు ఉన్నప్పుడు. ముందు రోజు సాయంత్రం తల్లికి నీరు పెట్టి ఉండాలి. కొన నుంచి రెండు, రెండున్నర అంగుళాల కింద బొటనవేలితో పక్కకు వంచండి. టక్కున విరిగితే అది సరైన కొమ్మ. వంగి, పీచు లాగి, తొక్క వేలాడితే ముదిరిపోయింది. ఇంకా పైకి వెళ్లండి. పిండినట్లు నలిగిపోతే మరీ లేత, రెండు రోజులు ఆగండి. విరిచిన కొమ్మ కొనను విప్పి చూసి, మధ్యలో ఆవగింజంత గుండ్రటి ముద్ద కనబడితే అది మొగ్గ. అలాంటి కొమ్మను ఎంత అందంగా ఉన్నా ట్రేలో పెట్టకండి.

కింది ఆకులు తీసి, 1000 పీపీఎం ఐబీఏ (వేరు తెప్పించే హార్మోను) పొడిలో మొదలు అద్ది, తడి కోకోపీట్‌లో ఒక అంగుళం లోతున గుచ్చండి. పొడుగువి ఒక ట్రేలో, పొట్టివి ఒక ట్రేలో వేరు చేయండి. ప్రతి ట్రేకూ తల్లి మొక్క అంకె రాసిన చీటీ గుచ్చండి. జూలైలో ఏదైనా గిడసబారితే ఏ తల్లి పిల్లో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు. వేరు వచ్చేవరకూ రాత్రి దీపం ట్రేల మీదే ఉండాలి.

ఆలస్యంగా కోలుకున్న మొక్కల సంగతి మిగిలింది. ఆగస్టు చివరికి గాని దారికి రాని మొక్క నుంచి కార్తీకమాసానికి పూలు ఆశించి దీపం ఆపేస్తే, జానెడు మొక్కకు నాలుగు పూలు వస్తాయి. దాన్ని సంక్రాంతికి మళ్లించండి. సెప్టెంబరులోనూ అక్టోబరులోనూ రాత్రి దీపం కొనసాగిస్తూ పెంచి, అక్టోబరు మొదట్లో చివరిసారి కొనలు తుంచి, ఆ నెల చివరి వారంలో దీపాలు పూర్తిగా ఆపండి. చీకటి మొదలైన నాటి నుంచి రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పదకొండు వారాల్లో పూస్తుంది. పది వారాల రకమైతే జనవరి మొదటి వారానికి కోత అందుతుంది. మీ రకం ఎన్ని వారాలు తీసుకుంటుందో ఈ ఏడాదే పుస్తకంలో రాసి పెట్టుకుని, వచ్చే ఏడు దీపం ఆపే తేదీని ఆ లెక్కతో వెనక్కి లెక్కించుకోండి.